పాత ఫోటోల మరమ్మతుకు వి600 స్కానర్, జింప్: కొన్నేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లోవీ బంధువుల ఇళ్లలోవీ పాత ఫోటోలు బాగుచేసే పని కొన్నేళ్లుగా నాదే. వాడేవి రెండే: ఎప్సన్ పర్ఫెక్షన్ వి600 స్కానర్, కంప్యూటర్లో ఫోటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్. స్కానర్‌కి డబ్బు పెట్టాలి, జింప్ ఉచితం. ఇంటి ఫోటోలకు ఈ రెండూ ధారాళంగా సరిపోతాయి. ముఖాలను మాత్రం ఏఐ చేతిలో పెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ముందు స్కానర్. ఇళ్లల్లో ఉండే ఆల్-ఇన్-వన్ ప్రింటర్లలో చాలావాటిది సీఐఎస్ అనే రకం సెన్సర్ (బొమ్మను చదివే భాగం). గాజుకు ఆనుకుని ఉన్నదే దానికి స్పష్టంగా కనబడుతుంది. అంచులు చుట్టుకుపోయిన ఫోటో పెడితే పైకి లేచిన చోటల్లా మసకే. వి600లో ఉన్నది సీసీడీ అనే ఇంకో రకం సెన్సర్, కాస్త ఎత్తులో ఉన్నదాన్నీ పట్టుకుంటుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటోలకు ఇది పెద్ద వరం. చెమ్మకు ఫోటో మీది జిలాటిన్ పొర మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది. కోస్తా ఊళ్లలో ఇది మామూలే. పీకితే ముఖం ఊడొచ్చి అద్దానికే ఉండిపోతుంది. దయచేసి పీకకండి. చట్రం తీసేసి అద్దంతో సహా స్కానర్ మీద బోర్లించండి.

6400 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు చదువుతుందనే లెక్క) అని గొప్పగా రాసి ఉంటుంది కానీ కాగితం ఫోటోకి 600 చాలు. 6x4 అంగుళాల ఫోటో 3600x2400 పిక్సెళ్లు వస్తుంది. పాస్‌పోర్ట్ సైజు అయితే 1200 పెట్టండి. మొదటి కాపీ నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా దాచండి, జేపీజీ పంచుకోవడానికి. స్కానర్‌లోనే ఉండే డిజిటల్ ఐస్ అనే సదుపాయం ఇన్‌ఫ్రారెడ్ వెలుగుతో దుమ్ము, గీతలు పసిగట్టి తీసేస్తుంది, కలర్ నెగెటివ్‌ల మీద బాగా పనిచేస్తుంది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లో బొమ్మ ఉన్నదే వెండితో, అది ఆ వెలుగును అడ్డుకుంటుంది కాబట్టి అక్కడ ఆపేయాలి. వి600 అసలు లోటు సైజు. గాజు సుమారు ఏ4 అంతే, గోడకు వేలాడే పెద్ద ఫోటోలు పట్టవు. ముక్కలుగా స్కాన్ చేసి అతికించుకోవాలి.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోనైనా సరే కలర్‌లోనే స్కాన్ చేయండి. కలర్ స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విడి పొరలుంటాయి, వాటినే చానల్స్ అంటారు. పసుపు మరకలు నీలం చానల్‌లో నల్లగా తేలతాయి, ఎరుపు చానల్‌లో దాదాపు కనబడవు. జింప్‌లో చానల్స్ విడదీసి ఎరుపు ఒక్కటే ఉంచుకుంటే, గంటలు పట్టే మరకల పని సగానికి సగం అక్కడే అయిపోతుంది. డెబ్బైల నాటి ఎర్రబారిన కలర్ ఫోటోలకు జింప్‌లో వెలుగునీడలు సర్దే లెవెల్స్‌లో ఒక్కో చానల్‌నీ విడిగా సర్దితే చాలావరకు రంగు తేరుకుంటుంది. జింప్ 3.0 (2025) నుంచి ఫిల్టర్లు తర్వాత కూడా మార్చుకునే వీలొచ్చింది, పాత వెర్షన్ వాడుతుంటే మారండి.

ఇక అసలు పని హీల్, క్లోన్ టూల్స్‌తో. మా అమ్మమ్మ పెళ్లి ఫోటోలో ఒక గీత చెంప మీదుగా దిగి పట్టుచీర అంచును కోసుకుంటూ పోయింది. చెంప మీద హీల్ వాడాలి, చుట్టుపక్కల వెలుగునీడలతో అది కలిసిపోతుంది. అంచు మీద హీల్ వాడితే జరీ అలికేసినట్టవుతుంది. అక్కడ క్లోన్‌తో పక్కనున్న బుటా తెచ్చి, వరసకు వరస కలిసేలా పెట్టాలి. అదే ఫోటోకి ఆటోమేటిక్ ఫిల్టర్ వేస్తే దుమ్ము చుక్కలతో పాటు ముక్కుపుడక రాయి మెరుపూ పోతుంది. ఫిల్టర్ కంటికి రెండూ తెల్ల చుక్కలే. అందుకే పెద్దది చేసుకుని, వేరే లేయర్ (అసలు బొమ్మ మీద పరిచే విడి పొర) మీద, చుక్క చుక్కా చేత్తో తీస్తాను.

ఏఐ మాటకొస్తే, ఫోన్ యాప్ ఒకదానిలో మా పెద్ద తాతయ్య ఫోటో పెట్టి చూశాను. కళ్లు తళతళలాడుతూ, చర్మం నున్నగా, క్షణాల్లో వచ్చింది. పెద్దమ్మకి చూపిస్తే, "ఎవర్రా ఇతను? మా నాన్న కాదే!" అంది. ఆయన చిన్నప్పుడు అమ్మవారు (మశూచి) పోసి బతికి బయటపడ్డ మనిషి. ముఖం నిండా ఉన్న ఆ మచ్చలను యాప్ చెరిపేసింది. ఈ ప్రోగ్రాములు మసకగా ఉన్నదాన్ని స్పష్టం చేయవు, తాము నేర్చుకున్న వేరే ముఖాలను బట్టి కొత్తగా గీస్తాయి. ముఖాలు బాగుచేసే ఏఐల్లో పేరున్న జీఎఫ్‌పీ-గ్యాన్‌కి శిక్షణ ఇచ్చింది ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్ నుంచి సేకరించిన 70,000 ముఖాలతో. మశూచి 1980కల్లా ప్రపంచంలోనే లేకుండా పోయింది. ఆ ఫ్లికర్ ఫోటోల్లో అలాంటి మచ్చలెన్ని ఉంటాయి? కళ్ల దూరం, దవడ వంపు కూడా కొద్దికొద్దిగా మారతాయి. తెలియనివాళ్లకు బాగుందనిపిస్తుంది, కూతురికి మాత్రం కొత్త మనిషి కనిపిస్తాడు.

వెనకాల స్టూడియో తెర చిరిగితే, గోడ మరకపడితే ఏఐ వాడుకోండి, నేనూ వాడతాను. రంగులు వేయించే ముందు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అమ్మమ్మ పెళ్లి చీర ఆకుపచ్చదని పెద్దమ్మకి తెలుసు, సాఫ్ట్‌వేర్‌ది ఊహే.

ఆల్బమ్‌లకు ఆల్బమ్‌లు, నెగెటివ్‌లు కూడా ఉన్నవాళ్లు వి600 కొనండి. నాలుగైదు ఫోటోలే అయితే స్కానర్ అక్కర్లేదు. ఊళ్లో ఫోటో స్టూడియోకి వెళ్లి, 600 డీపీఐలో, కలర్‌లో, ఏ ఫిల్టరూ వేయకుండా టిఫ్ ఫైలు ఇవ్వమనండి. అక్కణ్నుంచి జింప్ చాలు.