మ్యాచ్ లేని వారంలో నాలుగు ఊళ్లు

దసరాకి ఇండియా వెళ్లడం కుదరలేదు. మిగిలిన సెలవుల్లో అయిదు రోజులు 2025 అక్టోబరు రెండో వారంలో పెట్టుకుని, రెడింగ్ నుంచి ఒక్క బ్యాగుతో బయల్దేరాను. వాట్‌ఫర్డ్, వెస్ట్ బ్రోమిచ్, షెఫీల్డ్, బ్లాక్‌బర్న్. నాలుగూ అప్పటికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో రెండో అంచె అయిన ఛాంపియన్‌షిప్ ఊళ్లు. ఆ వారం దేశాల మధ్య మ్యాచ్‌లు కాబట్టి ఈ లీగ్‌కి సెలవు. "ఆట లేనప్పుడు గ్రౌండ్‌కి వెళ్లి ఏం చూస్తారండీ?" అంది మా ఆవిడ. ఆట కోసం కాదు నేను వెళ్లింది. జట్టుని నడిపించే మనిషిని అంత తొందరగా పంపించేసే ఊళ్లు ఎలా ఉంటాయో, అక్కడి జనం దాని గురించి ఏమనుకుంటారో తెలుసుకోవాలని చాలా రోజులుగా ఉంది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఛాంపియన్‌షిప్‌లో 24 జట్లు, ఒక్కో జట్టుకి 46 మ్యాచ్‌లు. మొదటి రెండు జట్లు నేరుగా పై అంచె అయిన ప్రీమియర్ లీగ్‌కి వెళ్తాయి, ఆ సీజన్ నియమం ప్రకారం తర్వాతి నాలుగు ఒక్క బెర్తు కోసం ప్లేఆఫ్ ఆడాలి, చివరి మూడు కిందికి పడతాయి. పైకి వెళ్తే వచ్చే టీవీ డబ్బే వంద మిలియన్ పౌండ్లు దాటుతుంది. పైనుంచి పడిన జట్లకి గరిష్ఠంగా మూడేళ్లు ప్రీమియర్ లీగ్ నుంచి భరోసా సొమ్ము అందుతుంది. మిగతావాళ్లు అది లేకుండానే వాళ్లతో తలపడాలి. అలాగని చేతికొచ్చినంత ఖర్చు పెట్టడానికి లేదు, అప్పటి నియమం ప్రకారం మూడేళ్లకి కలిపి 39 మిలియన్ పౌండ్లకి మించి నష్టం చూపిస్తే శిక్ష. ఆటగాళ్లని కొనాలంటే జనవరి దాకా ఆగాలి. మేనేజర్‌ని మార్చడానికి ఒక్క సాయంత్రం చాలు. ఇలాంటి విరామం వస్తే ఇంకా వీలు, కొత్తాయనకి జట్టుతో పరిచయం పెంచుకోవడానికి రెండు వారాలు దొరుకుతాయి.

బుధవారం రాత్రి బట్టలు సర్దుతుంటే ఫోన్లో వార్త: వాట్‌ఫర్డ్ వాళ్లు మేనేజర్ పాలో పెజ్జొలానోని తీసేశారు. మేలో తెచ్చుకున్న మనిషి. లీగ్‌లో తొమ్మిది మ్యాచ్‌లే ఆడారు. ఆయన స్థానంలో వచ్చింది హావీ గ్రాసియా. 2019లో ఇదే క్లబ్బుని ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కి తీసుకెళ్లిన ఆయన్ని అదే ఏడాది సెప్టెంబరులో ఇదే క్లబ్బు పంపించేసింది.

గురువారం పొద్దున లండన్ యూస్టన్ నుంచి ఇరవై నిమిషాల్లో వాట్‌ఫర్డ్ జంక్షన్‌లో దిగాను. ఈ ఊళ్లో రాత్రి ఉండాల్సిన పని లేదు, హోటల్ డబ్బు దండగ. హై స్ట్రీట్ మీదుగా అరగంట లోపు నడిస్తే వికరేజ్ రోడ్ గ్రౌండ్ వస్తుంది. పక్కనే పెద్దాసుపత్రి, ఎదురుగా ఒకదానికొకటి ఆనుకున్న చిన్న ఇళ్లు. గ్రౌండ్ బయట బెంచీ మీద కూర్చున్నట్టు గ్రేమ్ టేలర్ విగ్రహం ఉంది. 1977లో నాలుగో డివిజన్లో ఉన్న జట్టుని తీసుకుని అయిదేళ్లలో మొదటి డివిజన్‌కి చేర్చి, వచ్చిన మొదటి సీజన్లోనే రెండో స్థానంలో నిలబెట్టిన మనిషి. నేను వెళ్లేసరికి ఒక ముసలాయన రుమాలుతో ఆ బెంచీ మీది తడి తుడుస్తున్నాడు. విగ్రహం పక్కన తాను కూర్చోవడానికి. "ఈయన పదేళ్లు ఉన్నాడు," అన్నాడు, నేను ఏమీ అడగకుండానే. నిన్నటి వార్త మాట ఎత్తితే తల అడ్డంగా ఊపాడంతే.

న్యాయంగా చెప్పాలంటే, మార్చడం వల్ల ఈ క్లబ్బు నష్టపోయిందని మాత్రమే అనలేం. 2012లో ఇటలీకి చెందిన పోజో కుటుంబం కొన్నాక 2014-15 సీజన్లో ఏకంగా నలుగురు కోచ్‌లు మారారు, అందులో ఒకాయన ఉన్నది ఎనిమిది రోజులు, అయినా జట్టు ప్రీమియర్ లీగ్‌కి వెళ్లింది. ఆ గెలుపే వాళ్లకి అలవాటు నేర్పిందని నా అనుమానం. 2020లో ఇంకా రెండే మ్యాచ్‌లు మిగిలుండగా నైజెల్ పియర్సన్‌ని తీసేశారు, జట్టు కిందికి పడింది.

సాయంత్రానికి బర్మింగ్‌హామ్. ఇక్కడ బస విషయంలో దెబ్బ తిన్నాను. ఆన్‌లైన్లో 42 పౌండ్లకి దొరికిందని ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశాను. గదిలో హీటర్ పనిచేయలేదు, దుప్పటి ఒక్కటే, ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. రాత్రంతా జాకెట్ వేసుకుని పడుకున్నాను. ఇంకో పదిహేను పౌండ్లు ఎక్కువైనా స్టేషన్ దగ్గర ఏదైనా చైన్ హోటల్ తీసుకోండి, అక్కడ కనీసం అడగడానికి ఒక మనిషైనా ఉంటాడు.

పొద్దున్నే మా పిన్ని కొడుకు వచ్చాడు. ఇక్కడే ఎమ్మెస్సీ చేస్తున్నాడు, వచ్చిన ఏడాదికే వెస్ట్ బ్రోమిచ్ జట్టు వెస్ట్ బ్రామ్‌కి అభిమాని అయిపోయాడు. స్నో హిల్ నుంచి పది నిమిషాల్లో హాథార్న్స్ స్టేషన్. సముద్ర మట్టానికి 551 అడుగుల ఎత్తులో, ఇంగ్లండ్ లీగ్ గ్రౌండ్లన్నిటికన్నా ఎత్తయిన చోట ఉంది ఈ గ్రౌండ్. గాలి చెవుల్లోకి దూరుతోంది.

"అన్నా, మోబ్రేని తీసేసిన రోజు నాకు అన్నం సయించలేదు," అన్నాడు వాడు.

టోనీ మోబ్రే 2008లో ఈ జట్టుని ఛాంపియన్‌షిప్ విజేతని చేసి ప్రీమియర్ లీగ్‌కి పంపాడు. 2024లో బర్మింగ్‌హామ్ సిటీలో ఉండగా క్యాన్సర్ వచ్చి, వైద్యం కోసం ఉద్యోగం వదిలాడు. కోలుకుని 2025 జనవరిలో తన పాత జట్టుకి తిరిగొచ్చాడు. ఏప్రిల్ 21న, ఈస్టర్ సోమవారం, డర్బీలో ఓడిన సాయంత్రమే పంపించేశారు. సీజన్లో మిగిలినవి రెండే మ్యాచ్‌లు. జబ్బుని గెలిచి వచ్చిన మనిషికి ఆ రెండు మ్యాచ్‌లూ ఇచ్చి ఉంటే ఏం పోయేదని అప్పుడూ అనుకున్నాను, ఆ గేటు ముందు నిలబడీ అనుకున్నాను. జూన్లో రయన్ మేసన్ వచ్చాడు, ముప్ఫై నాలుగేళ్ల కుర్రాడు. "ఈయన మీద అప్పుడే గొణుగుడు మొదలైంది," అన్నాడు మా తమ్ముడు దిగులుగా.

అక్కణ్ణించి టాక్సీలో టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లాం. బ్రిటన్లో తెలుగువాళ్లకి ఈ గుడి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 2006 నుంచి ఉంది, కొండవాలున గోపురం చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఫుట్‌బాల్ పట్టని ఇంట్లోవాళ్లని కూడా తీసుకెళ్లాలనుకుంటే నాలుగు ఊళ్లలో ఇదే సరైనది, గ్రౌండ్‌తో పాటు దర్శనం కూడా అయిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు స్మెదిక్‌లో గురునానక్ గురుద్వారాలో లంగర్ భోజనం. రోటీ, పప్పు, ఖీర్. గెస్ట్‌హౌస్ చలి ఆ పప్పుతో వదిలింది.

శనివారం షెఫీల్డ్. స్టేషన్ నుంచి నడక దూరంలోనే బ్రామల్ లేన్. 1855లో మొదలైన మైదానం, ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఇప్పటికీ జరుగుతున్న పెద్ద గ్రౌండ్లలో ప్రపంచంలోనే పాతది. మన క్రికెట్ అభిమానులకి ఇంకో సంగతి: 1902లో ఇక్కడ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా టెస్టు జరిగింది, 1973 దాకా క్రికెట్ ఆడారు.

ఇక్కడి కథ విన్నప్పుడల్లా కడుపులో తిప్పుతుంది. 2024-25లో షెఫీల్డ్ యునైటెడ్ 90 పాయింట్లు తెచ్చుకుని కూడా మూడో స్థానంలో ఆగింది. వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్లో సండర్‌లాండ్ మీద ముందంజలో ఉండి, 95వ నిమిషంలో గోల్ ఇచ్చి 2-1తో ఓడింది. మేనేజర్ క్రిస్ వైల్డర్ చిన్నప్పుడు ఇదే గ్రౌండ్‌లో బాల్ బాయ్, తర్వాత ఇదే జట్టులో ఆటగాడు. జూన్లో ఆయన్ని పంపి రూబెన్ సెయెస్‌ని తెచ్చారు. లీగ్‌లో వరసగా అయిదు మ్యాచ్‌లు ఓడాక సెప్టెంబరు 14న సెయెస్‌ని తీసేశారు. మర్నాడు మళ్లీ వైల్డరే వచ్చాడు. మూడు నెలల్లో ఇంతా జరిగింది. కొత్తగా వచ్చినాయన ఇల్లు వెతుక్కునే లోపే ఉద్యోగం అయిపోయింది కదా అని నాకు బాధగా ఉంటుంది.

ట్రామెక్కి ఈ ఊరి రెండో జట్టు షెఫీల్డ్ వెన్స్‌డే వాళ్ల గ్రౌండ్ హిల్స్‌బరోకి కూడా వెళ్లాను. 1989లో ఇక్కడ మ్యాచ్‌కి వచ్చి జనం ఒత్తిడిలో నలిగి పోయిన 97 మంది స్మారకం దగ్గర కాసేపు నిలబడ్డాను. షెఫీల్డ్ వెన్స్‌డే వాళ్లకి అప్పటికే కొన్ని నెలలు జీతాలు ఆలస్యమయ్యాయి. నేను తిరిగొచ్చిన రెండు వారాల్లోపు, అక్టోబరు 24న, క్లబ్బు దివాలా నిర్వహణలోకి వెళ్లింది, 12 పాయింట్లు పోయాయి. అలాంటి చోట మేనేజర్ హెన్రిక్ పెడర్సన్ రోజూ పొద్దున్నే కుర్రాళ్లని ట్రైనింగ్‌కి తీసుకెళ్లేవాడు. షెఫీల్డ్‌లో హోటల్ బాగానే ఉంది, 55 పౌండ్లు, నిశ్శబ్దం. చెప్పుకోవాల్సిందేమీ లేదు.

ఆదివారం ప్రయాణం మాత్రం నరకం. మాంచెస్టర్‌లో ఒక స్టేషన్ నుంచి ఇంకో స్టేషన్‌కి నడిచి వెళ్తే బ్లాక్‌బర్న్ రైలు రద్దు. బదులుగా బస్సన్నారు, అది గంటంపావు తర్వాత వచ్చింది. ఆదివారం ఈ దారి పెట్టుకోకండి, శనివారం రాత్రే చేరిపోండి. దారిలో డార్వెన్ వచ్చినప్పుడు కిటికీకి అతుక్కుపోయాను. 1931లో లండన్ వచ్చిన గాంధీగారు, మన ఖద్దరు ఉద్యమం వల్ల పని పోయిన నూలు మిల్లు కార్మికుల్ని కలవడానికి వచ్చింది ఈ ఊరికే.

బ్లాక్‌బర్న్‌లో బస ఈ యాత్ర మొత్తానికి మేలైనది. ఒక వృద్ధ దంపతులు తమ ఇంట్లోనే రెండు గదులు అద్దెకిస్తారు. 50 పౌండ్లు, టిఫినుతో సహా. మాంసం తిననంటే ఆవిడ లంకషైర్ బటర్ పై చేసిపెట్టింది. బంగాళాదుంప, ఉల్లిపాయ, వెన్న, పైన పెళుసైన పొర. మిరియాలు ఇంకాస్త పడితే మనింటి రుచే.

సోమవారం వాన. ఈవుడ్ పార్క్‌కి టాక్సీ మాట్లాడుకున్నాను. డ్రైవర్ తాతగారు గుజరాత్ నుంచి వచ్చారట. నాది హైదరాబాద్ అనగానే అద్దంలోంచి తేరిపార చూశాడు. "తో ఆప్ వెంకీస్ వాలే హై క్యా?"

కాదన్నాను గానీ గొంతు తడబడింది. గుడ్డు ధర పేపర్లో చూసుకునే ప్రతి తెలుగింటికీ నెక్ పేరు తెలుసు. దాన్ని స్థాపించిన బి.వి.రావుగారి కుటుంబ సంస్థే పుణె వెంకీస్. 2010 నవంబరులో బ్లాక్‌బర్న్ రోవర్స్‌ని కొన్నది వాళ్లే. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు ఇది. కొన్న నెలకే శామ్ అలర్డైస్‌ని తీసేశారు. 2012 మేలో జట్టు కిందికి పడిన రాత్రి ఎవరో క్లబ్బు జెండా కప్పిన కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు. ఆ తర్వాతి సీజన్లో హెనింగ్ బెర్గ్ ఉన్నది 57 రోజులు, మైకేల్ యాపిల్టన్ 67 రోజులు.

57 అన్న అంకె నాకు మామూలు అంకె కాదు. 2023లో నా ఉద్యోగం పోయినప్పుడు, వీసా కోసం కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి హోమ్ ఆఫీసు ఇచ్చిన గడువు 60 రోజులు. ఫ్రిజ్ మీద క్యాలెండర్ పెట్టి రోజులు కొట్టేసేవాళ్లం. బెర్గ్‌కి కోర్టు ద్వారా రెండు మిలియన్లకి పైగా పరిహారం వచ్చింది, నిజమే, ఆయన కష్టం మాదీ ఒకటి కావు. కానీ పనిచేయడం మొదలుపెట్టిన కొద్ది వారాలకే నువ్వు పనికిరావని నలుగురిలో చెప్పించుకోవడం ఎలా ఉంటుందో కొంత తెలుసు.

అదే యజమానులు మంచి పని కూడా చేశారు, అది చెప్పకపోతే తప్పు. 2017 ఫిబ్రవరిలో మోబ్రేని తెచ్చారు, మేలో జట్టు మూడో అంచెకి పడింది. అయినా ఆయన్ని ఉంచారు. మరుసటి ఏడాదే జట్టు తిరిగొచ్చింది, ఆయన 2022 దాకా అయిదేళ్లు ఉన్నాడు. వెస్ట్ బ్రామ్‌లో మూడు నెలలు ఉన్న ఆ మోబ్రేనే. మా తమ్ముడికి వెంటనే మెసేజ్ పెట్టాను.

గ్రౌండ్ ముందు క్లబ్బు పాత యజమాని జాక్ వాకర్ విగ్రహం వానలో నల్లగా మెరుస్తోంది. డ్రైవర్ మీటరు ఆపేసి నాతో పాటు దిగాడు. సెప్టెంబరులో ఇప్స్‌విచ్ మీద 1-0తో ముందున్నప్పుడు 79వ నిమిషంలో గ్రౌండ్ నీళ్లతో నిండి మ్యాచ్ ఆపేశారు. ఆ మ్యాచ్‌ని మొదటినుంచి ఆడాలని లీగ్ తీర్పు. "పదకొండు నిమిషాలు చాలు భాయ్, మూడు పాయింట్లు వచ్చేవి," అన్నాడు. అప్పటికి మేనేజర్ కుర్చీలో ఉన్నది వలేరియన్ ఇస్మాయెల్. అంతకుముందు జాన్ యూస్టేస్, ప్లేఆఫ్ స్థానంలో ఉన్న ఈ జట్టుని వదిలి, కిందికి పడేలా ఉన్న డర్బీకి వెళ్లిపోయాడు. మేనేజర్లే ఇక్కడ ఉండటానికి ఇష్టపడకపోవడం ఆ డ్రైవర్‌ని అన్నిటికన్నా బాధపెట్టిన విషయం.

వచ్చేటప్పుడు టాక్సీ వద్దనుకుని మిల్ హిల్ స్టేషన్‌కి నడిచాను. ఇరవై నిమిషాలు, దారి తేలికే. అయిదు రోజులకి రైళ్లు, బస, తిండి కలిపి 370 పౌండ్లయింది, ముందే టికెట్లు తీసుకుంటే ఇంకా తగ్గుతుంది. డ్రైవర్ తన నంబరు రాసిన కాగితం జేబులో ఉంది. మార్చిలో మ్యాచ్ ఉన్న శనివారం చూసుకుని రమ్మన్నాడు, ఈసారి మా ఆవిణ్ణి కూడా తీసుకుని. "మేనేజర్ ఎవరున్నా సరే, వచ్చేయండి," అన్నాడు. వస్తానన్నాను.