నాన్న మోకాళ్లకు సరిపోయిన అడవి

పదిహేడు మెట్లు. సన్నటి చెక్క మెట్లు, మీద అరిగిపోయిన కార్పెట్, పట్టుకోవడానికి ఒకవైపే కొయ్య. "మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన వస్తున్నారు, కింది అంతస్తులో గది కావాలి" అని మూడు వారాల ముందే మెయిల్ పెట్టాను. "తప్పకుండా" అని జవాబు కూడా వచ్చింది. తీరా సాయంత్రం ఆరింటికి సామాన్లతో ఇంగ్లండ్‌లోని థెట్‌ఫోర్డ్ అడవి దగ్గరి ఆ గెస్ట్ హౌస్‌లో దిగితే, కింది గది వేరేవాళ్లకు ఇచ్చేశామన్నారు. ఫోన్‌లో మెయిల్ తీసి చూపించాను. అక్కడి ఆవిడ దాని వైపు చూడను కూడా లేదు. "అది రిక్వెస్ట్ మాత్రమే, గ్యారంటీ కాదు" అంది.

రెండు గదులు, రాత్రికి ఒకటి 92 పౌండ్లు, ఇంకొకటి 84. రెండు రాత్రులకు 352 ముందే కట్టేశాం. మా ఆరేళ్ల పిల్లాడికి మడత మంచం ఉచితమని బుకింగ్‌లో రాసి ఉంది. వెళ్లేటప్పుడు దానికి రాత్రికి 15 చొప్పున 30 పౌండ్లు కలిపారు. మా అమ్మ శాకాహారి అని చెబితే టిఫిన్ బల్ల మీద రెండు ముక్కల టోస్టు, ఒక అరటిపండు పెట్టారు. ఇంకో అరటిపండు అడిగితే "ఒకరికి ఒకటే" అన్నారు. అమ్మ ఒక్క మాట అనలేదు. గదిలోకి వెళ్లి సంచిలోంచి చేగోడీలు తీసుకుని మంచం అంచున కూర్చుని తింది. అది చూసి నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు.

ఇంత బాధ ఎందుకంటే, ఈ ట్రిప్ పెట్టుకున్నదే నాన్న కోసం. మాది కోనసీమ. నాన్న అరవై ఏళ్లు కాలువ గట్టు మీద నడిచిన మనిషి. రెడింగ్‌లో మా ఇంటికి వచ్చినప్పటి నుంచి ఇంట్లోనే కూర్చుంటున్నారు. లేక్ డిస్ట్రిక్ట్‌కు తీసుకెళ్దామని మా వారు అన్నారు గానీ, అవన్నీ కొండలు. ఎత్తు పల్లాలు లేని అడవి కోసం వెతికితే నార్ఫోక్, సఫోక్ కౌంటీల సరిహద్దులో థెట్‌ఫోర్డ్ ఫారెస్ట్ దొరికింది. ఎం25, ఎం11, ఏ11 రోడ్ల మీదుగా ఆగుతూ వెళ్తే మూడున్నర గంటలు పట్టింది.

మొదటి మధ్యాహ్నం హై లాడ్జ్‌లో గడిచిపోయింది. అడవిలో ఆటస్థలం, కెఫే, శుభ్రమైన టాయిలెట్లు, గట్టి దారులు ఉన్న సెంటర్ అది. చిన్నపిల్లలు ఉంటే మొదట ఇక్కడికే వెళ్లండి. కారు ఎంతసేపు ఉంటే అంత చార్జి, కాబట్టి టైమ్ చూసుకోండి. బడి సెలవుల్లో జనం ఎక్కువే, కానీ పది నిమిషాలు లోపలికి నడిస్తే నిశ్శబ్దం. వరసగా, తిన్నగా పైన్ చెట్లు. నాన్న ఆగి పైకి చూసి, "ఇది అడవి కాదమ్మా, తోట. మన సముద్రం ఒడ్డు సరుగుడు తోటల్లాగా ఎవరో నాటారు" అన్నారు. ఆయన అన్నది నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంలో కలప అయిపోయాక, 1919లో ఫారెస్ట్రీ కమిషన్ అనే ప్రభుత్వ అటవీ సంస్థను పెట్టి, 1922 నుంచి ఈ ఇసుక నేలల్లో పైన్ నాటుకుంటూ వచ్చారు. మైదాన ప్రాంతంలో మనుషులు పెంచిన పైన్ అడవుల్లో బ్రిటన్‌లో ఇదే పెద్దది.

రెండో రోజు మాత్రం నేను మర్చిపోలేను. శాంటన్ డౌన్‌హామ్ అని అడవి మధ్యలో చిన్న ఊరు. ఊరి పక్కనే లిటిల్ ఊజ్ నది. నది అన్నానే గానీ, వెడల్పు మా పంట కాలువంతే. ఒక ఒడ్డు నార్ఫోక్, రెండో ఒడ్డు సఫోక్. వంతెన దగ్గర నుంచి బ్రాండన్ వైపు నీటి పక్కనే దారి. ఒక్క మిట్ట లేదు. నాన్న చేతికర్రను మా వాడికి ఇచ్చేసి చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. ఊళ్లో ఉన్నప్పుడు ఆయన నడక అదే. అలా నడవగా నేను చూసి నాలుగేళ్లయింది.

దారిలో ఆ ఊరి కథ చెప్పాను. 1668లో లేకెన్‌హీత్ వైపు నుంచి గాలికి లేచిన ఇసుక వచ్చి ఈ ఊరిని కప్పేసింది. కుందేళ్లూ గొర్రెలూ గడ్డి మొదలంటా తినేసిన తేలిక నేల అది, గాలికి నిలవలేదు. నాన్న వెంటనే "ఇసుక మేట" అన్నారు. 86 గోదావరి వరదలో మా పెదనాన్నగారి లంక పొలం మేట వేసింది. వరద తీశాక అరటి చెట్ల మొవ్వులు మాత్రమే ఇసుక మీద కనిపించాయట. అరగంట సేపు మనవడి చెయ్యి పట్టుకుని ఆ వరద కథంతా చెప్పారు. ఇంగ్లీషు దేశపు ఊరి కథ మా ఇంటి కథయిపోయింది. వాడు వంగి దారి మీది ఇసుక పిడికెడు తీసి జేబులో వేసుకున్నాడు.

ఒడ్డున దుప్పటి పరిచి పులిహోర తిన్నాం. అక్కడ టాయిలెట్లు గానీ, కొట్టు గానీ మాకు కనబడలేదు. నడిచినంత మేర కూర్చోవడానికి బెంచీలూ తక్కువే. పెద్దవాళ్లను తీసుకెళ్తే మడత కుర్చీ ఒకటి మోసుకెళ్లండి, మా వారు మోశారు. నిండు ప్యాంట్లు వేసుకోండి. జింకలు తిరిగే చోట పిడుదులు ఉంటాయి, వాటివల్ల లైమ్ అనే జబ్బు రావచ్చు. సాయంత్రం స్నానానికి ముందు పిల్లల మోకాళ్ల వెనక తప్పనిసరిగా చూడండి.

మధ్యాహ్నం థెట్‌ఫోర్డ్ పట్టణం. ఇక్కడ కూడా నది ఒడ్డున చదునైన దారి ఉంది. రెండు నీటిపాయల మధ్య బటన్ ఐలాండ్ మీద గుర్రమెక్కిన మహారాజా దులీప్ సింగ్ విగ్రహం ఉంటుంది, 1999లో పెట్టారు. పదేళ్ల పిల్లాడిగా 1849లో పంజాబ్ రాజ్యంతో పాటు కోహినూరు వజ్రాన్నీ బ్రిటిష్‌వాళ్లకు పోగొట్టుకున్న రాజు ఆయన. తర్వాత దగ్గర్లోని ఎల్వెడెన్ ఎస్టేటులో ఉన్నారు, 1893లో పారిస్‌లో చనిపోతే ఎల్వెడెన్ చర్చి ఆవరణలోనే పూడ్చారు. ఆ వజ్రం మన కృష్ణ ఒడ్డు కొల్లూరు గనుల్లో దొరికిందనే అంటారు. నాన్న విగ్రహం ముందు చెప్పులు విప్పి నిలబడ్డారు. అమ్మ "మరీ పసివాడు కదండీ" అంది. ఇద్దరూ చాలాసేపు అక్కడే ఉన్నారు.

అప్పటికి అమ్మ పొద్దుటి నుంచి సరిగ్గా తినలేదు. దగ్గర్లో ఒక చిన్న టీ కొట్టులోకి వెళ్లాం. జాకెట్ పొటాటో 6.80, టీ 2.20. తొక్కతోనే కాల్చిన పెద్ద బంగాళాదుంప, లోపల వెన్న. మా దగ్గరున్న ఆవకాయ కొంచెం వేసుకోవచ్చా అని మొహమాటపడుతూ అడిగాను. అక్కడి పెద్దావిడ ఒక చిన్న గిన్నె తెచ్చి ఇచ్చింది, తనూ రుచి చూస్తానంది, చూసి కళ్లనీళ్లు పెట్టుకుని మళ్లీ అడిగింది. అమ్మ కోసం పాలు విడిగా కాచి తెచ్చింది. బిల్లులో దానికి ఒక్క పెన్నీ వేయలేదు. రాత్రికి 84 పౌండ్లు తీసుకుని రెండో అరటిపండు ఇవ్వని మనిషీ, ఈవిడా ఒకే ఊరి చుట్టుపక్కల వాళ్లు. ఆ ట్రిప్‌లో అమ్మ కడుపునిండా తిన్న భోజనం అదొక్కటే.

మూడో రోజు నెటిషాల్ హీత్. హీత్ అంటే బలం లేని ఇసుక బీడు. చెట్లు తక్కువ, మోకాలెత్తు హెదర్ పొదలు ఎక్కువ. ఆగస్టులో వెళ్లాం కాబట్టి నేలంతా వంగపూల రంగు. పశువులు మేయకపోతే ఇలాంటి బీడు కొన్నేళ్లలో చిట్టడవి అయిపోతుంది. అందుకే దీన్ని చూసుకునే సఫోక్ వైల్డ్‌లైఫ్ ట్రస్టు ఎక్స్‌మూర్ జాతి పొట్టి గుర్రాలను మేపుతోంది. గోధుమ ఒళ్లు, పిండి అద్దినట్టు తెల్లటి మూతి. ముట్టుకోకూడదు, తిండి పెట్టకూడదు. ఎండ కాసే రోజు దారి దిగి పొదల్లోకి వెళ్లొద్దు, ఆడర్ అనే విషపు పాము ఉంటుంది. సముద్రం దాకా 46 మైళ్లు వెళ్లే పెడ్డర్స్ వే కాలిబాట ఇక్కడే మొదలవుతుంది. అది ఎక్కువ భాగం రోమన్లు వేసిన దారి.

ఇక్కడికి మళ్లీ వెళ్తాం, కానీ ఆ గెస్ట్ హౌస్‌కు కాదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మెయిల్‌తో ఆగకండి. బయల్దేరే ముందు రోజు ఫోన్ చేసి గది నంబరు, అది ఏ అంతస్తో చెప్పించుకోండి. కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల ఉండేవాళ్లకు అసలు రాత్రి ఉండాల్సిన పనే లేదు. నార్విచ్ వెళ్లే రైలు బ్రాండన్‌లోనూ థెట్‌ఫోర్డ్‌లోనూ ఆగుతుంది, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చు.

మడత మంచం 30 పౌండ్ల కోసం బుకింగ్ కాగితం జతచేసి రెండుసార్లు రాశాను, జవాబు లేదు. మూడోసారి రాస్తున్నాను. నాన్న ఇండియా వెళ్లే ముందు ఒక్కటే అడిగారు, ఆ నది దారిలో బ్రాండన్ దాకా పూర్తిగా నడవలేదు కదా, ఇంకా ఎంత మిగిలిందని.