మూడేళ్లు వాడిన పెళ్లి సంబంధాల సైటు, అందులో ఒక మతం గడి

మా చెల్లెలి పేరు మీద ఓ పెద్ద పెళ్లి సంబంధాల సైటులో ఖాతా తెరిచి మూడేళ్లు నడిపాను. సైటు పేరు చెప్పను. చెల్లెలికి పెళ్లయిపోయింది కనుక ఇప్పుడు నిదానంగా రాయగలుగుతున్నాను.

మాది గుంటూరు, లూథరన్ శాఖ క్రైస్తవ కుటుంబం. ఖాతా తెరుస్తానంటే మా మేనత్త మొదట్లోనే అడ్డం పడింది. "అవన్నీ హిందువుల సైట్లే తల్లీ, మనల్ని చేర్చుకోరు. చేర్చుకున్నా డబ్బు తీసుకుని మూల కూర్చోబెడతారు." మొదటి మాట తప్పని అరగంటలో తేలింది. రెండోదాన్ని మాత్రం అయిదు నెలలపాటు నేనూ నమ్మాను. వారానికి ఒకటో రెండో సంబంధాలు వచ్చేవి, అవీ మా చర్చిలో చిన్నప్పటి నుంచి చూస్తున్న ముఖాలే.

విసిగిపోయి కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. "మీ మతం, మీ శాఖ వాళ్లే కావాలని మీరే పెట్టుకున్నారు కదా మేడమ్" అంది ఆ అమ్మాయి. నేను పెట్టలేదు. మతం గడిలో 'క్రైస్తవం' అనీ, శాఖ గడిలో 'లూథరన్' అనీ నింపాను, అంతే. ఎలాంటి వరుడు కావాలన్న పేజీలో ఆ రెండూ వాటంతట అవే వచ్చి కూర్చున్నాయి, పక్కన 'తప్పనిసరి' అన్న టిక్కుతో సహా. అంటే సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, బాప్టిస్టులు లాంటి వేరే శాఖల క్రైస్తవులు కూడా మాకు కనిపించరు. ఇక హిందువుల మాట చెప్పేదేముంది? ఆ టిక్కు తీసేసిన రాత్రి పేజీ నిండిపోయింది. లోపల గడియ పెట్టుకుని, ఎవరూ రావడం లేదేమిటా అని అయిదు నెలలు ఎదురుచూశామన్నమాట.

ఇంత ముఖ్యమైన టిక్కును మూడు పేజీల లోపల దాచడం సైటు వాళ్ల తప్పే. జన్మనక్షత్రం గడి మాత్రం మొదటి పేజీలోనే ఎర్రచుక్కతో ఉంటుంది, లూథరన్లు కూడా నింపాల్సిందే! 'తెలియదు' అని పెట్టి ముందుకు వెళ్లాను.

సైటు మన మతాన్ని ఆరా తీసి మరీ చేర్చుకుంటుందని ఇంకో నమ్మకం. ఇలాంటి సైట్లకు కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. గుర్తింపు రుజువులు తీసుకోమనీ, ఇది పెళ్లి కోసమే తప్ప డేటింగ్ కోసం కాదని స్పష్టంగా చెప్పమనీ వాటిలో ఉంది. మా దగ్గర ఆధార్ అడిగారు. ఆధార్ మీద మతం ఉండదు. కనుక ఆ గడిలో మనం ఏది రాస్తే అదే.

ఇది నాకు ఒక ఫోటో వల్ల బాగా తెలిసొచ్చింది. అబ్బాయి మతం 'హిందూ' అని ఉంది. ఫోటోలో అతని భుజం వెనక, గోడకు బైబిలు వాక్యం క్యాలెండరు, దాని మీద పాస్టరు గారి దంపతుల బొమ్మ. ఫోను చేస్తే తండ్రి నవ్వేశారు. "సర్టిఫికెట్‌లో హిందువులమేనమ్మా. ఆదివారం చర్చికి వెళతాం." 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకూ, తర్వాత చేర్చిన సిక్కులకూ బౌద్ధులకూ మాత్రమే. క్రైస్తవులమని రాసుకుంటే పోతుంది. ఉన్నది ఒక్క గడి, అందులో ఆయన మాత్రం ఏం రాస్తారు?

నేను నమ్మొద్దనేది 'కులం పట్టింపు లేదు' అన్న గడిని. అది పెట్టుకున్న ఒక కుటుంబం ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న: "క్రైస్తవులు సరే, అంతకుముందు మీరు ఎవరమ్మా?"

చివరికి కుదిరింది రాజమహేంద్రవరం అబ్బాయి, హిందువు. ఒకరు మతం మారకపోతే పెళ్లి చెల్లదని రెండు వైపుల పెద్దలూ గట్టిగా వాదించారు. మారనక్కర్లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగాం. రిజిస్ట్రారు కార్యాలయంలో అంటించిన ఆ కాగితాన్ని మేనత్త రెండుసార్లు వెళ్లి చూసి వచ్చింది. పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒత్తు పోయిందని పట్టుకున్నది కూడా ఆవిడే.

సైటుకు అయిదులో మూడు ఇస్తాను. వెతుకులాట, గుర్తింపు తనిఖీ బాగున్నాయి. ఒక మార్కు ఆ టిక్కుకు కోత, ఒకటి ఫోన్లకు. పెళ్లయిందని చెప్పి ఖాతా తీసేసి ఏడు నెలలైంది. మొన్న మళ్లీ ఫోను: "మేడమ్, మీ చెల్లెలు గారికి లూథరన్ సంబంధాలు చాలా వచ్చాయి. ఈ నెల సగం ధరకే."