ఫోటో అంచుల్లో కావాలని రంగులు చెదరగొట్టడానికి గింప్ ఎలా ఉంది

గింప్ ఫోటోలు దిద్దుకునే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అని అందరికీ తెలుసు కాబట్టి దాని గొప్పలన్నీ చెప్పను, ఒక్క పని గురించే రాస్తాను. పాత లెన్స్‌తో తీసిన ఫోటోల్లో మూలలకు వెళ్లేకొద్దీ వస్తువుల అంచుల వెంబడి ఎరుపు, నీలం గీతల్లా కనిపిస్తాయి కదా, అది కావాలని తెప్పించడం.

ప్రకాశం బ్యారేజీ మీద రాత్రి లైట్లు తీసిన ఫోటోతో మొదలుపెట్టాను. మొదటిసారి తెలియక ఎరుపు ఛానెల్‌ని, అంటే ఫోటోలోని ఎరుపు భాగాన్ని, పది పిక్సెల్స్ పక్కకి జరిపేసి, బాగుందనుకుని మా నాన్నకి చూపించా. ఆయన గవర్నర్‌పేటలో ఆఫ్‌సెట్ ప్రెస్‌లో చేసిన మనిషి, నాలుగు రంగుల ప్లేట్లలో ఒకటి వెంట్రుకవాసి జరిగినా భూతద్దంతో పట్టేసి మెషిన్ ఆపించేవారు. చూడగానే "రిజిస్ట్రేషన్ తప్పిందిరా" అన్నారు, అంటే రంగుల ప్లేట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోలేదని. నిజమే, ఫోటో అంతా ఒకే కొలతలో జరిగితే తప్పు అచ్చులాగో, ఎరుపు-నీలం కళ్లద్దాల త్రీడీ బొమ్మలాగో ఉంటుంది. లెన్స్‌లో అలా జరగదు. గాజు ఒక్కో రంగుని ఒక్కోలా వంచుతుంది, అందుకే బొమ్మ సైజే రంగును బట్టి కొద్దిగా మారుతుంది, నడిమధ్యలో తేడా సున్నా, మూలల్లో ఎక్కువ. అంటే జరపకూడదు, సాగదీయాలి!

గింప్‌లో కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో డీకంపోజ్‌కి వెళ్లి ఆర్‌జీబీ ఎంచుకుంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులూ మూడు నలుపు-తెలుపు లేయర్లుగా విడిపోతాయి, అచ్చం ప్రెస్‌లో ప్లేట్లలాగే, నాకు దీంట్లో నచ్చేది ఇదే. నా ఫోటో వెడల్పు 6000 పిక్సెల్స్. నీలాన్ని అలాగే వదిలేసి, ఆకుపచ్చని 6012కి, ఎరుపుని 6024కి పెంచి, లేయర్లని మళ్లీ ఫోటో సైజుకి తెచ్చే లేయర్ టు ఇమేజ్ సైజ్ కొట్టి, మూడింటినీ తిరిగి ఒక ఫోటోగా కలిపే కంపోజ్ చేశాను. లేయర్ల సైజులు ఒకటి కాకపోతే కంపోజ్ ఒప్పుకోదు, మొదటి రోజు అక్కడే గంట పోయింది. ఫలితం మాత్రం చూసి తీరాలి: మధ్యలో లైట్లు తెల్లగా శుభ్రంగా ఉన్నాయి, చివరి స్తంభం బల్బుకి బయటివైపు సన్నగా ఎరుపు, లోపలివైపు నీలం. ఈసారి నాన్న ఫోన్‌లో జూమ్ చేసి చాలాసేపు చూశారు, "ప్లేటు జరిగితే ఇలా ఉండదు" అన్నారు.

చిరాకు పెట్టేది ఒకటే, ముందుగా ప్రివ్యూ లేదు. 2025 మార్చిలో వచ్చిన గింప్ 3.0లో ఫిల్టర్లని తర్వాత కూడా మార్చుకోవచ్చు గానీ డీకంపోజ్‌కి ఆ సౌకర్యం లేదు, కొలత నచ్చకపోతే మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సిందే. గింప్‌కి అదనంగా తగిలించుకునే జీ-మిక్ ప్లగిన్ వేసుకుంటే దీనికి రెడీమేడ్ ఫిల్టర్ దొరుకుతుంది, కానీ అది రంగుల్ని జరుపుతుంది కాబట్టి నాకు నచ్చలేదు, తొందరలో పోస్టర్ చేసేవాళ్లకి చాలు.

ఇంకో సంగతి. ఎండలో తీసిన ఖాళీ ఆకాశం మీద ఇది ప్రయత్నించొద్దు, ఏమీ కనిపించదు. చీకట్లో లైట్లు, నల్ల గుమ్మం పక్కన తెల్ల గోడ, అలాంటి చోటే పండుతుంది. ఫోన్‌లో చూపించడానికైతే ముందు ఫోటో చిన్నది చేసుకుని ఆ తర్వాత సాగదీయండి, 6000లో 12 పిక్సెల్స్ తేడా 1200కి కుదిస్తే రెండున్నర కూడా మిగలదు. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదింపులో ఆ సన్నని ఎరుపు గీతే ముందు అలుక్కుపోతుంది.