ఎస్పీ రోడ్డులో "సర్వర్ పుల్, ఒరిజినల్" నెట్‌వర్క్ కార్డులు కొనేవాళ్ళు జాగ్రత్త

బెంగళూరులో చిన్న కంపెనీల సర్వర్లు చూసుకునే మనవాళ్ళు చాలామంది కంప్యూటర్ సామాన్ల కోసం ఎస్పీ రోడ్డు షాపులకే వెళ్తారు. అందుకే ఇది రాస్తున్నాను. ఇంటెల్ ఐ350 నాలుగు పోర్టుల గిగాబిట్ కార్డు, పాత సర్వర్ నుంచి తీసిన ఒరిజినల్ అని చెప్పి, కొత్తదాని ధరలో మూడో వంతుకే ఎవరైనా ఇస్తామంటే, లైటు వెలిగింది కదా అని డబ్బు కట్టేయకండి. మాకు అంటగట్టిన రెండు కార్డులూ మామూలుగా చక్కగానే పనిచేస్తాయి. లోడు పడినప్పుడే చస్తాయి.

మాది ఎంట్రన్స్ పరీక్షలకు ఆన్‌లైన్ మాక్ టెస్టులు పెట్టే చిన్న సంస్థ, ఆఫీసు మారతహళ్ళిలో. వారమంతా సర్వర్‌కి పెద్ద పనుండదు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మాత్రం వేలమంది పిల్లలు ఒకేసారి లాగిన్ అవుతారు. సరిగ్గా అప్పుడే సైటు ఆగిపోతుంది, కొన్ని సెకన్లకు తిరిగొస్తుంది, మళ్ళీ ఆగుతుంది. చూస్తే సీపీయూ మీద భారం లేదు, మెమరీ ఖాళీగా ఉంది, డేటాబేస్ బాగానే ఉంది. తల్లిదండ్రుల ఫోన్లు మాత్రం ఆగవు. ఆ టెన్షన్ పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

షాపతను మదనపల్లి వైపు మనిషి. కొన్నరోజు టీ తెప్పించి, "మనూరోళ్ళకి తప్పుడు సరుకు ఇస్తానా అన్నా" అన్నాడు. ఇప్పుడు ఫోన్ చేస్తే, "కార్డు పక్కా అన్నా, అది మీ లినక్స్ సెట్టింగు" అంటాడు. ఇలాంటి షాపుల్లో ఎవరినడిగినా ఈ మాటే వస్తుంది, కొన్నిసార్లు అది నిజం కూడా. కాబట్టి గొడవకి దిగేముందు మనవైపు అనుమానాలన్నీ తీర్చుకుని వెళ్ళాలి.

ముందు కెర్నల్ లాగ్, అంటే సర్వర్ నడిపే లినక్స్ తన లోపల జరిగేవి రాసుకునే చిట్టా, తెరవండి. "ఎన్ఎఫ్ కాన్‌ట్రాక్: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్" (ప్యాకెట్ అంటే నెట్‌వర్క్‌లో వెళ్ళే డేటా ముక్క) అని ఉంటే కార్డు తప్పేమీ లేదు. ఫైర్‌వాల్ కనెక్షన్లను గుర్తుంచుకునే పట్టిక నిండిపోయింది, దాని పరిమితి పెంచితే సరిపోతుంది. ఎన్‌జిన్‌ఎక్స్ (ముందుండి రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వర్) వెనకాల ఒకే అప్లికేషన్ సర్వర్ ఉంటే మరో చిక్కుంది. బయటికి వెళ్ళే కనెక్షన్లకు లినక్స్ మామూలుగా 32768 నుంచి 60999 వరకు ఉన్న పోర్టులే (ఇవి కార్డు మీది సాకెట్లు కావు, ఒక్కో కనెక్షన్‌కి లినక్స్ ఇచ్చే నంబర్లు) వాడుతుంది, అంటే ఒక గమ్యానికి 28,232. మూసేసిన కనెక్షన్ కూడా టైమ్ వెయిట్ పేరుతో 60 సెకన్లు తన పోర్టును వదలదు. కీప్ అలైవ్ (తెరిచిన కనెక్షన్‌నే మళ్ళీ మళ్ళీ వాడే సెట్టింగు) పెట్టకపోతే రద్దీలో ఇవి ఇట్టే అయిపోతాయి. ఇంకొకటి, ఈథ్‌టూల్ (కార్డు వివరాలు చూపే లినక్స్ కమాండ్) లెక్కల్లో ఆర్ఎక్స్ మిస్డ్, నో బఫర్ అంకెలు, అంటే అందుకోలేక వదిలేసిన ప్యాకెట్ల లెక్క, పెరుగుతుంటే రింగ్ బఫర్ (ప్యాకెట్లు తమ వంతు వచ్చేదాకా ఆగే చోటు) చాలడం లేదని అర్థం. ఈ కార్డుల డ్రైవర్ దాన్ని 256 గడులతో మొదలుపెడుతుంది, 4096 దాకా పెంచుకోవచ్చు.

మా లాగ్‌లో ఇవేవీ లేవు. ఉన్నది "డిటెక్టెడ్ టీఎక్స్ యూనిట్ హ్యాంగ్", దాని వెనకే "నెట్‌డెవ్ వాచ్‌డాగ్, ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్‌డ్ అవుట్". కెర్నల్ పంపమని ఇచ్చిన ప్యాకెట్లు కార్డు దగ్గరే ఇరుక్కున్నాయి, ఎంతసేపటికీ కదలకపోతే కెర్నల్ కార్డుని రీసెట్ చేసింది. లింకు మళ్ళీ లేచేదాకా సైటు లేనట్టే. ఈ ఒక్క మెసేజ్ పట్టుకుని కార్డు నకిలీ అనడం కూడా తొందరపాటే. డ్రైవర్ లోపం వల్లా, పీసీఐ (కార్డు గుచ్చే స్లాటు) పవర్ సేవింగ్ వల్లా ఇదే రావచ్చు. మేము టీఎస్ఓ (డేటాని ప్యాకెట్లుగా కోసే పని కార్డుకే అప్పజెప్పే సెట్టింగు) ఆఫ్ చేశాం, పవర్ సేవింగ్ ఆపేశాం, కెర్నల్ కొత్తది వేశాం, కేబులూ స్విచ్ పోర్టూ మార్చాం. ఏం తగ్గలేదు.

చివరికి తేల్చింది అదలాబదలు. ఆ స్లాటులోనే మా దగ్గరున్న పాత నమ్మకమైన కార్డు పెడితే ఎంత లోడు వేసినా లాగ్‌లో ఒక్క వరుస కూడా పడలేదు. షాపు కార్డుని వేరే మెషీన్‌లో పెడితే అక్కడా అదే హ్యాంగ్. జబ్బు కార్డుతోనే వెళ్తోంది. అప్పుడు రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు స్టిక్కర్ల మీదా ఒకటే సీరియల్ నంబరు! స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రసుకీ (నెట్‌వర్క్‌లో కార్డుని గుర్తుపట్టే నంబరు), సిస్టమ్ చూపించే మ్యాక్ అడ్రసుకీ పొంతనే లేదు. ఒరిజినల్ కార్డుల్లో ఇలా ఉండదు.

మరి షాపులో ఎందుకు బయటపడలేదంటే, అక్కడ చేసే పరీక్ష పింగ్ (అవతలి మెషీన్ పలుకుతుందో లేదో చూసే కమాండ్) ఒక్కటే. పింగ్ మామూలుగా సెకనుకి ఒక ప్యాకెట్ పంపుతుంది. గిగాబిట్ లైను మీద అతి చిన్న ప్యాకెట్లైతే సెకనుకి 14.88 లక్షల దాకా నడవగలవు. బండిని స్టాండు మీదే ఉంచి యాక్సిలరేటర్ తిప్పి చూపించి అమ్మినట్టుంది ఆ పరీక్ష. వాళ్ళ టెస్ట్ బెంచ్ మీదే ఐపెర్ఫ్3 (లైను నిండా డేటా పంపి వేగం కొలిచే ప్రోగ్రాం) పెట్టించండి. నాలుగు పోర్టులూ ఒకేసారి, రెండు దిక్కులా, కనీసం అరగంట. ఒక్కో పోర్టు దాదాపు 940 మెగాబిట్లు నిలకడగా ఇవ్వాలి, ఆ అరగంటా కెర్నల్ లాగ్ తెరిచే ఉంచాలి. "అంత టైము లేదు సార్" అంటే వేరే షాపు చూసుకోండి, ఆ రోడ్డులో షాపులకు కొదవా?

బిల్లు విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మా బిల్లులో "నెట్‌వర్క్ కార్డ్, 2" అని మాత్రమే ఉంది. వెనక్కి తీసుకెళ్తే, "ఇవి మా దగ్గర కొన్నవేనని రుజువేంటి" అన్నాడు అదే పెద్దమనిషి. జీఎస్టీ బిల్లు మీద మోడల్, సీరియల్, "నకిలీ అని తేలితే డబ్బు వాపసు" అన్న మాట రాయించుకోండి. నోటితో చెప్పే వారం రోజుల చెకింగ్ వారంటీ దేనికీ పనికిరాదు, ఎందుకంటే అసలు లోడు ఆ వారంలో పడకపోవచ్చు. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915 ఉందిగా అనుకుంటారేమో. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవాళ్ళు వినియోగదారుల లెక్కలోకి రారు. సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్నవాళ్ళకే మినహాయింపు. కంపెనీ పేరు మీద బిల్లు తీసుకుంటే అక్కడ మన కేసు నిలవడం కష్టం.

ప్రస్తుతం అతను డబ్బివ్వనంటున్నాడు, అదే డబ్బాలోంచి వేరే కార్డులు తీసుకోమంటున్నాడు. మేము వద్దన్నాం. షాపు పేరు ఇక్కడ రాయను. మీరూ ఈమధ్య అలాంటి కార్డులు కొనుంటే, స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రసుని సిస్టమ్ చూపించేదానితో ఈరోజే పోల్చి చూడండి. పొంతన లేకపోతే పెద్ద లోడు వచ్చేలోపే ఆ కార్డు తీసి పక్కన పెట్టండి.