లక్నవరం వెళ్తే పొద్దున్నే వెళ్లండి

డిసెంబరులో అమ్మను, పిల్లలిద్దరినీ తీసుకుని ములుగు జిల్లా లక్నవరం చెరువుకు వెళ్లొచ్చాం. చల్వాయి దగ్గర మెయిన్ రోడ్డు వదిలితే కాసేపు పొలాలు, ఆ తర్వాత అంతా అడవే.

కాకతీయుల కాలం నాటి చెరువు ఇది. కొండల మధ్య కట్ట పోసి నీళ్లు ఆపారు. ఇన్ని వందల ఏళ్లకీ దీని కింద వరి పండుతోందంటే నాకు ఒళ్లు పులకరించింది. చాలామంది ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. ఒక్కసారి కట్ట మీద నిలబడి ఆయకట్టు వైపు కూడా చూడండి.

వేలాడే వంతెన ఎక్కడానికి అమ్మ భయపడింది. నడుస్తుంటే కాళ్ల కింద సన్నగా ఊగుతుంది. పక్కనున్న తీగ పట్టుకుని సగం దాకా వచ్చి ఆగిపోయింది. టెన్షన్ పడుతోందేమో అనుకున్నా. "నీళ్లల్ల గుట్ట ఎట్ల కనవడుతాందో సూడు బిడ్డా" అంది. అప్పటికి ఎనిమిదిన్నర, ఇంకా మంచు విడలేదు. పదకొండయ్యేసరికి ఆ వంతెన మీదే జనం కిక్కిరిసిపోయారు.

బోటింగ్ బాగుంది, పిల్లలకు లైఫ్ జాకెట్లు సరిగ్గా కట్టారు. తిండే నిరాశపరిచింది. దారిలో ఒక హోటల్లో చేపల కూర చెప్తే గంటన్నర కూర్చోబెట్టి చల్లారిన అన్నం వడ్డించారు. అన్నం ఇంటి నుంచే కట్టుకుపోండి.

తిరుగు ప్రయాణంలో పాలంపేట రామప్ప గుడి చూశాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన గుడి. సాయంత్రపు ఎండలో ఆ నల్లరాతి మదనికలు, అంటే నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు, మెరుస్తుంటే పిల్లలు కదలనన్నారు.