పవర్ స్టీరింగ్ పీకేసి నాలుగేళ్లు: నా 1995 మియాటా

నాది 1995 మాజ్దా మియాటా. 1.8 లీటర్ల ఇంజన్, ఐదు గేర్లు, రెండే సీట్లు. 2021 జూన్‌లో దీని పవర్ స్టీరింగ్ మొత్తం తీసేసి మాన్యువల్ చేశాను. మేం ఉండేది డాలస్ ఉత్తర శివార్లలో. వారంలో మూడు రోజులు ఆఫీసుకు ఇదే తీసుకెళ్తాను. ఇప్పటికి 27 వేల మైళ్లు తిరిగింది. ఇంత తిరిగాక గట్టిగా చెప్పగలిగేది ఒకటుంది. ఈ పని పూర్తిగా చేస్తే కారు కొత్తగా మన చేతికి వచ్చినట్టు ఉంటుంది. సగంలో ఆపితే అంతకు ముందున్న స్టీరింగే నయమనిపిస్తుంది. రెండూ నేను అనుభవించాను.

సరదా కోసం మొదలుపెట్టింది కాదు. ర్యాక్ లీకైంది. స్టీరింగ్ తిప్పితే ముందు చక్రాలను అటూ ఇటూ నెట్టే పళ్ల కడ్డీ, దాని గొట్టం కలిపి ర్యాక్ అంటారు. పొద్దున్నే కారు తీస్తే డ్రైవ్‌వే మీద ఎర్రటి మరక. ఈ కార్లో పవర్ స్టీరింగ్‌కు పోసేది ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలే, అందుకే ఆ ఎరుపు. రీబిల్డ్ చేసిన ర్యాక్ తెప్పించి వేయించాను. నాలుగు నెలలకు అదీ కారడం మొదలుపెట్టింది. అమ్మినవాళ్లు వారంటీ కింద ఇంకోటి పంపుతామన్నారు, కానీ ఊడదీసి బిగించే కూలి మళ్లీ నాదే. పైగా చలికాలం పొద్దుటిపూట, ర్యాక్‌కు ఆయిల్‌ను ఒత్తిడితో పంపే పంపు మూలుగుతోంది. ఇంకోసారి అదే సరుకు మీద డబ్బు పోయడానికి మనసొప్పలేదు.

అప్పట్లో మాజ్దా ఈ కారు బేస్ మోడల్‌ను మాన్యువల్ స్టీరింగ్‌తోనే అమ్మేది. బండి బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన, అదీ ముందూ వెనుకా దాదాపు సమానంగా పడుతుంది. అంటే పంపు సాయం లేకుండా నడిచే కారే ఇది. నాకు ధైర్యం ఇచ్చింది ఆ సంగతే. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఖమ్మంలో మా బాబాయి మారుతి 800 మీద. మాన్యువల్ అంటే అలాగే ఉంటుందిలే అనుకున్నాను. అక్కడ మాత్రం పొరబడ్డాను. మారుతి 800 టైరు వెడల్పు 145 మిల్లీమీటర్లు, నా మియాటాకు అప్పుడున్నవి 205. ఆగిన చోట తిప్పేటప్పుడు ఆ తేడా భుజాలకు తెలుస్తుంది.

చేయడానికి రెండు దారులున్నాయి. కంపెనీవాళ్ల మాన్యువల్ ర్యాక్ దొరికితే అదే బిగించుకోవచ్చు, బోల్టులు సరిపోతాయి. లేదంటే ఉన్న పవర్ ర్యాక్‌నే విప్పి లోపలి సరంజామా తీసేయాలి. రెంటికీ తేడా నిష్పత్తిలో ఉంది. మాన్యువల్ ర్యాక్ 18:1, అంటే చక్రం ఒక డిగ్రీ తిరగాలంటే స్టీరింగ్ 18 డిగ్రీలు తిప్పాలి. పవర్ ర్యాక్ 15:1. పవర్ ర్యాక్‌లో ఈ చివరి నుంచి ఆ చివరికి స్టీరింగ్ మూడు చుట్లు కూడా పట్టదు, మాన్యువల్‌లో మూడు చుట్లు దాటుతుంది. చుట్లు ఎక్కువైతే బరువు తగ్గుతుంది, కానీ సందు మలుపుల్లో చేతులు మార్చుకుంటూ ఉండాలి. నేను పవర్ ర్యాక్‌నే ఉంచుకున్నాను. నడుస్తున్నప్పుడు చిన్న కదలికకే ముక్కు తిరిగే ఆ చురుకు నాకు ఇష్టం. దానికి పార్కింగ్‌లో మూల్యం చెల్లిస్తున్నాను.

ఇక ఆ సగం పని సంగతి. పంపు తీసేసి, ర్యాక్‌కు వెళ్లే గొట్టాలను ఒకదానికొకటి కలిపేస్తే చాలని చాలామంది చెబుతారు. లూప్ చేయడం అంటారు దీన్ని. గంటన్నరలో అయిపోయింది. రెండు వారాలు అలాగే నడిపాను. మాన్యువల్ స్టీరింగ్‌కు చెడ్డపేరు తెచ్చేది ఇదేనని నా నమ్మకం. తిప్పిన ప్రతిసారీ ర్యాక్‌లో మిగిలిన ఆయిల్‌ను మన చేతులే ఇటు నుంచి అటు నెట్టాలి. బరువు ఉంటుంది, ఆ బరువులో రోడ్డు సమాచారం ఏమీ ఉండదు. బురదలో కర్ర తిప్పినట్టు ఉంటుంది.

దానికంటే పెద్ద లోపం మధ్యలో వచ్చే ప్లే. స్టీరింగ్‌తో తిరిగి ర్యాక్‌ను నెట్టే చిన్న పళ్ల చక్రాన్ని పినియన్ అంటారు. పవర్ స్టీరింగ్ పినియన్ లోపల సన్నటి ఉక్కు కడ్డీ ఒకటి ఉంటుంది, టార్షన్ బార్ అంటారు. స్టీరింగ్ తిప్పగానే ముందు అది కాస్త మెలి తిరుగుతుంది. ఆ మెలికకే వాల్వు తెరుచుకుని, ఆయిల్ ఒత్తిడి ఎటు కావాలో అటు పోతుంది. పంపు పోయాక ఒత్తిడి లేదు, మెలిక మాత్రం మిగిలిపోయింది. చేతి కింద స్టీరింగ్ కదులుతుంది, టైరు కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. కడ్డీ విరిగినా పట్టు తప్పకుండా లోపల ఉక్కు అడ్డు ఉంటుంది కాబట్టి స్టీరింగ్ చేజారదు. అయినా హైవే మీద 70 మైళ్ల వేగంలో లారీ పక్క నుంచి పోతుంటే ఆ ఖాళీ నాకు చాలా టెన్షన్ పెట్టింది. మూడో వారం ర్యాక్ దించేశాను.

అసలు పనికి రెండు శనివారాలు పట్టింది. మా ఆఫీసు మిత్రుడొకరు సాయం వచ్చారు. మొట్టమొదట బ్యాటరీ వైరు ఊడదీసి, స్టీరింగ్ నేరుగా పెట్టి సీటు బెల్టుతో కట్టేశాం. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. కింద జాయింట్ విప్పాక స్టీరింగ్ ఇష్టం వచ్చినట్టు తిరిగితే, ఎయిర్‌బ్యాగ్‌కు కరెంటు అందించే చుట్టల వైరు లోపల తెగిపోతుంది. తర్వాత ర్యాక్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ల చివర్లు, పినియన్ జాయింట్, ర్యాక్ బోల్టులు విప్పాం. ర్యాక్ బల్ల మీదికి వచ్చాక గొట్టాలన్నీ తీసి, మిగిలిన ఆయిల్ ఒంపేశాం.

ర్యాక్ బార్ మధ్యలో పిస్టన్ ఉంటుంది, దాని చుట్టూ తెల్లటి రింగు. బల్ల అంచుకు ఆనించి బ్లేడుతో దాన్ని కోశాం. టప్పున విడిపోయి కింద పడింది. అంతకు ముందు బార్‌ను రెండు చేతులతో నెడితే గానీ జరగలేదు. రింగూ లోపలి సీలూ పోయాక, తుడిచి గ్రీజు పూసి నెడితే చూపుడువేలితోనే జారిపోయింది. లూప్ చేసిన రెండు వారాలూ నేను మోసిన బరువులో టైర్లది ఎంతో, ఆ సీళ్లది ఎంతో అప్పుడు అర్థమైంది. ఈ రింగు తీయకుండా రంధ్రాలు మూసేస్తే లోపల గాలి ఇరుక్కుని సైకిల్ పంపులా ఎదురు తంతుంది. అది కచ్చితంగా తీయాలి. ఆయిల్ ఉన్నప్పుడు అదే లోపలి భాగాలను తడిపేది. ఇప్పుడు ఆ పని గ్రీజుది, కాబట్టి పళ్ల మీదా బేరింగులకూ ధారాళంగా పెట్టాలి. గొట్టాలు తీసిన రంధ్రాలకు బిరడాలు బిగించాం.

టార్షన్ బార్ దగ్గర ప్లే పోవాలంటే పినియన్‌ను వెల్డింగ్ చేయాలి. అది మాత్రం నేను ముట్టుకోలేదు. స్టీరింగ్‌కు వెల్డింగ్ అంటే ప్రాణంతో పని. టిగ్ వెల్డింగ్‌లో చేయి తిరిగిన మెషిన్ షాపుకు పట్టుకెళ్లాను. వేడి పళ్ల దాకా పాకకుండా ఆగి ఆగి అతికించారాయన. ఈ పని మీద నమ్మకం లేనివాళ్లు వెల్డింగ్ చేసి సిద్ధంగా అమ్మే ర్యాక్ కొనుక్కోవడం మంచిది.

పంపుతో పాటు ఇంకో చిక్కు వస్తుంది. ఈ కార్లో పవర్ స్టీరింగ్ పంపుకూ ఏసీకీ ఒకటే బెల్టు, ఆ బెల్టు బిగింపు పంపు దగ్గరే ఉంటుంది. టెక్సస్ ఎండల్లో ఏసీ లేకుండా కారు నడపడం నా వల్ల కాదు. పంపు లేని కార్లకు వచ్చే టెన్షనర్ బ్రాకెట్ వెతికి, పొట్టి బెల్టు వేశాను. వెల్డింగ్, బ్రాకెట్, గ్రీజు, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 400 డాలర్లలోపే అయ్యింది. తీసేసిన సామాను ఇంట్లో బరువు చూసుకునే మెషిన్ మీద పెడితే 16 పౌండ్లు వచ్చింది. పికప్ పెరిగిందా అని అడుగుతారు. నాకైతే తేడా తెలియలేదు. మైలేజీ కూడా అంతే.

తేడా తెలిసేది చేతుల్లో. వాన మొదలైన మొదటి నిమిషాల్లో, ముందు టైర్ల పట్టు తగ్గుతున్నట్టు స్టీరింగ్ తేలికై చెబుతుంది. అంతకు ముందు కారు పక్కకు జరిగితే గానీ నాకు తెలిసేది కాదు. టెక్సస్‌లోనే లీకీ, క్యాంప్ వుడ్ ఊళ్ల వైపు రాంచ్ రోడ్డు 337 మీద ఏడాదికి రెండుసార్లు వెళ్తాం. కొండ చెక్కి వేసిన దారి, మలుపు మీద మలుపు. మలుపులోకి దిగుతుంటే బరువు మెల్లగా పెరుగుతుంది, టైరు హద్దుకు దగ్గరైతే ఆ పెరగడం ఆగుతుంది. ఎంత వేగం చాలో ఆ బరువే చెబుతుంది. ఆ దారిలో ఇప్పుడు నేను మునుపటి కంటే నెమ్మదిగానే పోతాను, దిగేటప్పుడు మాత్రం ఎంతో తృప్తిగా ఉంటుంది.

అయితే గుంత కూడా అంతే నిజాయతీగా చేతికి వస్తుంది. బ్రిడ్జి అతుకుల మీద స్టీరింగ్ వణుకుతుంది. ఒకసారి హైవే దిగే చోట లోతైన గుంతలో కుడి చక్రం పడితే, స్టీరింగ్ విసురుగా తిరిగి లోపలికి పెట్టుకున్న నా బొటనవేలిని కొట్టింది. వారం రోజులు వాపు.

అది చూపిస్తే మా నాన్న వెంటనే పట్టేశారు. ఆయన ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు, పవర్ స్టీరింగ్ లేని బస్సులు ఏళ్ల తరబడి నడిపిన చేతులు. 2023లో మా దగ్గరికి వచ్చి ఆరు నెలలున్నారు. "బొటనవేలు లోపలికి పెట్టొద్దురా, స్టీరింగ్ మీదనే ఆనించు" అన్నారు. ఇండియన్ గ్రోసరీ ముందు పార్క్ చేస్తూ నేను ఆగినచోటే బలంగా తిప్పుతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు. "ఆగిన బండిని తిప్పొద్దు. కొంచెం కదలనియ్యి, చక్రం దొర్లుతుంటే తిప్పు. లేకపోతే టైర్లూ పోతయ్, రాడ్లూ పోతయ్." రెండేళ్లుగా నేను పార్కింగ్‌తో పడుతున్న కుస్తీ ఆ ఒక్క మాటతో తీరిపోయింది. క్లచ్ మీద అడుగు దూరం కదిలినా చాలు, బరువు సగానికి సగం తగ్గినట్టు ఉంటుంది.

మా ఆవిడ అభిప్రాయం కూడా చెప్పాలి. ఆమెకు ఈ కారు ఇష్టమే. "ఏవండీ, పోతున్నంతసేపు బాగుంటుంది. ఆపేటప్పుడే నా వల్ల కావట్లేదు" అంటుంది. నాన్న చెప్పిన కిటుకు తెలిసినా, ఇరుకు చోట పార్కింగ్ అంటే ఇప్పటికీ తాళం నా చేతికే ఇస్తుంది. నిరుడు మార్చిలో క్రికెట్ ఆడుతూ నా కుడి మణికట్టు బెణికింది. మూడు వారాలు ఈ కారు తీయలేకపోయాను. ఇంట్లో ఇంకో కారు ఉంది కాబట్టి గడిచింది. ఉన్నది ఒక్కటే కారైతే, ఇంట్లో భుజం నొప్పో మెడ నొప్పో ఉన్నవాళ్లు దాన్నే నడపాల్సి వస్తే, ఈ పని పెట్టుకోవద్దు.

బరువు తగ్గించడానికి నాకు ఉపయోగపడినవి మూడు. టైర్లు 205 నుంచి 195కు మార్చాను. గాలి కంపెనీ చెప్పింది 26 పీఎస్‌ఐ, నేను ముందు చక్రాలకు 29 ఉంచుతున్నాను. మూడోది అలైన్‌మెంట్‌లో కాస్టర్ కోణం, అంటే పక్క నుంచి చూస్తే ముందు చక్రం తిరిగే ఇరుసు ఎంత వెనక్కి వాలి ఉందన్నది. మొదటిసారి అలైన్‌మెంట్ చేసిన షాపువాళ్లు దాన్ని వీలైనంత ఎక్కువ పెట్టేశారు. నేరుగా పోవడానికి అది మంచిదే, కానీ పంపు లేని కారుకు ఆ బరువంతా మన చేతుల మీదే పడుతుంది. ఇంకోచోట 4 డిగ్రీల దగ్గరికి తగ్గించాను. మలుపు తర్వాత స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రావడం కాస్త నెమ్మదించింది. పార్కింగ్ మాత్రం తేలికైంది. స్టీరింగ్ పెద్దది వేస్తే ఇంకా తేలికవుతుంది గానీ, అందుకోసం ఎయిర్‌బ్యాగ్ వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను.

హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు తన కారుకూ ఇలా చేయొచ్చా అని అడిగాడు. వద్దని గట్టిగా చెప్పాను. ఇప్పటి కార్లలో దాదాపు అన్నీ ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్. ఆయిలూ పంపూ ఉండవు, మోటరు సాయం చేస్తుంది. ఫ్యూజు పీకేస్తే అది మాన్యువల్ అయిపోదు. మోటరునూ దాని పళ్లనూ కూడా మన చేతులే తిప్పాల్సి వస్తుంది. కారు జారకుండా చూసే వ్యవస్థ స్టీరింగ్ ఎటు తిరిగిందో సెన్సర్ ద్వారా తెలుసుకుంటుంది, దాన్ని కదిలిస్తే అదీ దెబ్బతింటుంది. పైగా ముందున్న ఇంజన్ బరువు వేరు, టైర్ల వెడల్పు వేరు. ఇండియాలో ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు కూడా. ఆ అనుభూతి కావాలంటే, బాగా ఉన్న పాత మారుతి 800 వెతుక్కోమన్నాను.

నాలుగేళ్లలో చెడిపోయినవి తక్కువే. ఎడమవైపు లోపలి టై రాడ్ 18 వేల మైళ్లకు వదులైంది, మార్చాను. నిలబెట్టి తిప్పిన ఆ మొదటి రెండేళ్ల అలవాటే కారణమని నా అనుమానం. ర్యాక్ చివర రబ్బరు బూటు ఒకటి పగిలింది. గ్రీజు మీదే బతికే ర్యాక్ కాబట్టి దుమ్మూ నీళ్లూ పోతే త్వరగా అరుగుతుంది, అందుకే అదీ అదే వారం మార్చేశాను. ఏటా వేసవి వచ్చేలోపు ముందు చక్రాలు లేపి, ఒకరు టైరు పట్టుకుంటే ఇంకొకరు స్టీరింగ్ మెల్లగా కదిలించి ప్లే చూస్తాం. మొన్న మేలో చూశాం. వెల్డింగ్ దగ్గర పగులు లేదు, మధ్యలో ఖాళీ లేదు. డ్రైవ్‌వే మీద పాత ఎర్ర మరక ఇంకా పోలేదు గానీ, దాని పక్కన కొత్త చుక్క పడలేదు.